కోడి కాలేయం నుంచి కేన్సరు మందు దాకా

1963లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్‌లో పియర్ షాంబోన్ బృందం, కోడి కాలేయపు కణకేంద్రకాలను పరిశీలిస్తూ, ఒక కొత్త ఎంజైము జాడ కనిపెట్టింది. అది అల్లే గొలుసును మొదట పాలీ-ఎ అనుకున్నారు. 1966-67 నాటికి, జపాను శాస్త్రజ్ఞుల కృషి కూడా తోడై, అది ఏడీపీ-రైబోజు గొలుసని తేలింది.

మన కణాలలో ఈ పని ప్రధానంగా చేసేది పార్ప్-1. డీఎన్ఏ పోగు తెగినచోట వాలి, తనకూ పక్కనున్న ప్రోటీన్లకూ ఆ గొలుసులు తగిలిస్తుంది. వాటి ఆనవాలు పట్టుకుని మరమ్మతు ప్రోటీన్లు వచ్చి చేరుతాయి.

2005లో రెండు బృందాలు ఒక సంగతి బయటపెట్టాయి: బీఆర్‌సీఏ జన్యువు చెడిన కణాలు, పార్ప్‌ను కూడా అడ్డుకుంటే, బతకలేవు. 2014లో ఒలాపరిబ్ అండాశయ కేన్సరుకు మందుగా వచ్చింది.

"కోడి కాలేయంతో ఏమి ప్రయోజనం?" అని 1963లో ఎవరైనా అడిగి ఉంటే, సమాధానానికి 51 ఏళ్ళు ఆగవలసి వచ్చేది.