ప్లగ్గు విప్పి చూసిన రోజులు

మన సంఘ సభ్యులలో ఫీల్డు ఉద్యోగం చేసినవారి మోటారు సైకిలు డిక్కీలో మూడు వస్తువులు తప్పక ఉండేవి: ప్లగ్గు పానా, ఎమరీ కాగితం ముక్క, గుడ్డలో చుట్టిన స్పేరు ప్లగ్గు. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ హెచ్చు వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్గును రూపొందించాడు. ఆ బాష్ సహకారంతోనే 1951లో బెంగుళూరులో మైకో వెలిసింది. 2008లో కంపెనీ పేరు బాష్‌గా మారినా మన తరానికి ప్లగ్గంటే మైకోయే. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్ వచ్చింది. 1960 దశకంలో మైసూరు జావా, ఎస్కార్ట్స్ వారి రాజదూత్ వచ్చాయి. (జావా 250కి సైలెన్సర్లు రెండున్నా సిలిండరు ఒకటే, ప్లగ్గూ ఒకటే. దీని మీద మా ఆఫీసులో పందేలు కాసినవారున్నారు!)

జావా, రాజదూత్ టూ స్ట్రోకు బళ్ళు. లీటరు పెట్రోలుకు 40, 50 మిల్లీలీటర్ల ఆయిలు కలపాలి. ఆ ఆయిలు మసి ప్లగ్గు మొనల మధ్య పేరుకుంటే రవ్వ దూకదు, ఎన్ని కిక్కులు కొట్టినా బండి లేవదు. ఇక విప్పడమే. ముందు చుట్టూ ఉన్న మట్టి తుడవాలి, లేకుంటే సిలిండరులో పడుతుంది. పింగాణీ కాఫీపొడి రంగులో ఉంటే ఇంజను కులాసా. పొడి మసి ఉంటే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. జిడ్డుగా ఉంటే ఆయిలు ఎక్కువ. తెల్లగా పాలిపోతే ఇంజను వేడెక్కుతోందన్నమాట. మొనల మధ్య ఖాళీ చాలా బళ్ళకు 0.5 నుంచి 0.7 మిల్లీమీటర్లు. గేజీ లేనిచోట మెకానిక్కులు హాక్సా బ్లేడు దూర్చి చూసేవారు. దాని మందం సుమారు 0.63, లెక్క సరిపోయేది. కొత్త ప్లగ్గును మొదట వేళ్ళతోనే బిగించాలి. పానాతో మొదలుపెడితే అల్యూమినియం హెడ్డు మరలు పోతాయి.

ప్లగ్గు రంగు చూసి ఇంత చెప్పగలిగిన మనకు ఒక సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆనాటి పెట్రోలులో సీసం కలిసేది. అది కాలగా మిగిలిన పొడి కూడా ప్లగ్గుకు అంటుకునేది. దాన్ని బ్లేడుతో గీకి, ఉఫ్ మని ఊదడం షెడ్డుల్లో పరిపాటి. ఆ పని చేసేది ఎక్కువగా పనికి కుదిరిన చిన్న కుర్రాళ్ళు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. 1995 ఏప్రిల్ 1న నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అమలైంది. ప్లగ్గు గీకే విద్య పోయిందని విచారించే మిత్రులున్నారు. నాకు ఆ కుర్రాళ్ళే గుర్తొస్తారు.

1985లో హీరో హోండా ఫోర్ స్ట్రోకు బండి వచ్చాక మసి బెడద తగ్గింది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు రావడంతో కార్బురేటరు దాదాపు కనుమరుగైంది. ప్లగ్గు మాత్రం ఇంకా ఉంది, కంపెనీ పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకు మార్చేస్తున్నారు.

ఇంట్లో పాత బండి, పాత ప్లగ్గులు దాచుకున్న సభ్యులు వాటిని ఊదవద్దు. తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ సమయంలో మనవలను దగ్గరికి రానీయకండి.