గాయము మానిన పిదప

తుంగభద్ర యొడ్డున నున్న అలంపురము నిజాము ఏలుబడిలో నున్న దినములలో, ఒక్క దశాబ్దములోనే వైద్యచరిత్రకు సంబంధించిన మూడు కార్యములు మూడు దేశములలో జరిగినవి. 1882లో స్వీడను శాస్త్రజ్ఞుడు మాగ్నస్ బ్లిక్స్, మన చర్మముపై వేడిని గుర్తించు బిందువులు వేరు, చలిని గుర్తించు బిందువులు వేరు అని కనుగొనెను. 1887లో ఇటలీ వైద్యుడు ఎడ్వార్డో బస్సీని, పేగు గజ్జలోనికి జారు హెర్నియాకు, అచటి గోడను పొరలతో కుట్టి బలపరచు పద్ధతిని వెల్లడించెను. 1888, 1889 సంవత్సరములలో మన హైదరాబాదులో డాక్టరు ఎడ్వర్డ్ లారీ పూనికపై రెండు క్లోరోఫారము కమిషనులు పనిచేసినవి. రెండవదానికి నిజాము ధనసహాయము చేసెను.

కత్తి పెట్టునప్పటి నొప్పిని క్లోరోఫారము, దాని తరువాత వచ్చిన మత్తుమందులు మాన్పినవి. కాని గాయము మానిన పిదప నెలల తరబడి వేధించు నొప్పి మాట యేమి? కోసిన చోట సన్నని నరములు తెగవచ్చును, కుట్టులో చిక్కుకొనవచ్చును. పైకి మచ్చ తప్ప మరేమియు కనబడదు. బరువు మోసి బ్రతుకువాడు వంగలేకున్నను, చూచువారు “అంతయు భ్రమ” అందురు.

ఇచట బ్లిక్స్ చూపిన త్రోవ అక్కరకు వచ్చినది. 1976లో ఫ్రూస్టార్ఫర్, లిండ్‌బ్లోమ్, ష్మిట్ అను మువ్వురు, విద్యుత్తుచే వేడెక్కుచు చల్లబడు చిన్న పలకతో ఈ స్పర్శను కొలుచు విధానమును ప్రకటించిరి. పలకను సుమారు 32 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద చర్మముపై నుంచి క్రమముగా వేడిచేయుదురు. వెచ్చదనము తెలిసిన క్షణమున రోగి మీట నొక్కును. చల్లదనమును, నొప్పి పుట్టించు వేడిని గూడ అట్లే కొలిచి, కోసిన వైపును కోయని వైపుతో పోల్చుదురు.

డెన్మార్కులో హెర్నియా శస్త్రచికిత్స పొందినవారిని ఇట్లు పరీక్షింపగా ఒక వింత తేలినది. నొప్పితో బాధపడు పలువురికి ఆ చోటనే వెచ్చదనము సరిగా తెలియకుండెను. మొద్దుబారుటయు నొప్పియు ఒక్క చోటనే! నరము దెబ్బతిన్నదనుటకు ఇది సాక్ష్యము. అయితే నొప్పి లేని కొందరిలోను ఈ లోపము కనబడెను. కావున అంకె నరము స్థితిని తెలుపును గాని, బాధ యెంతయో తెలుపజాలదు. అది రోగి నోటనే వినవలెను.

గృహస్థులు గ్రహింపవలసినవి రెండు. మొద్దుబారిన చోట కాపడము పెట్టరాదు. చర్మము కాలినను తెలియదు. మూడు నెలలు గడచినను నొప్పి తగ్గనిచో, దానిని దాచక వైద్యునితో చెప్పవలెను.