ఇంటి దుమ్ము: శ్వాసనాళ, రోగనిరోధక కణాలపై ప్రభావం (కర్నూలు, కడప ప్రాంతం)

నేల మీద, పరుపుల్లో, అటకల మీద పేరుకునే సూక్ష్మ పదార్థాల మిశ్రమమే ఇంటి దుమ్ము. మట్టి, రాతిపొడి, నూలుపోగులు, రాలిన చర్మపు పొట్టు, మైట్లు అనే దుమ్ముపురుగుల విసర్జన, బొద్దింకల శకలాలు, బూజు బీజాలు, బ్యాక్టీరియా అవశేషాలు, పొయ్యి మసి అందులో ఉంటాయి. వీటి పాళ్ళు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయి. ఉబ్బసం మీద మనం చదివే పుస్తకాలు చాలావరకు చల్లని, తేమ దేశాల ఇళ్ళను చూసి రాసినవి. రాయలసీమ ఇంటికి అవి సగమే సరిపోతాయి.

కర్నూలు, కడప పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్నాయి. జూన్, జులైలలో గాలి ఎక్కువ, వాన తక్కువ. కోత అయ్యాక నల్లరేగడి చేలు బోసిగా ఉండి మన్ను లేస్తుంది. పాత మట్టి మిద్దెల్లో పైకప్పు నుంచి కూడా మన్ను రాలుతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల పరిసరాల్లో నాపరాళ్ళ గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో ముగ్గురాయి, ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. పనిచోటి దుమ్ము ఒంటిమీది బట్టలతో, తలవెంట్రుకలతో ఇంటికి వస్తుంది.

పది మైక్రాన్లు దాటిన రేణువుల్లో ఎక్కువ భాగం ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. అంతకన్నా చిన్నవి శ్వాసనాళాల్లో చిక్కితే అక్కడి నూగు కణాలు జిగురుతోపాటు వాటిని పైకి నెడతాయి. సుమారు నాలుగు మైక్రాన్ల లోపువి గాలిగదుల దాకా పోగలవు. అక్కడ నూగు లేదు. శుభ్రం చేసే భారం మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలది.

మైట్లు ఉబ్బసానికి కారణమవుతున్నాయని నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు 1964లో చూపారు. వాటి విసర్జనలోని డెర్-పి-1 అనే ఎంజైము శ్వాసనాళపు పైపొర కణాల మధ్య అతుకులను తెంచుతుంది. దెబ్బతిన్న కణాలు టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-25, ఐఎల్-33 అనే హెచ్చరిక ప్రోటీన్లు విడుదల చేస్తాయి. వాటిని అందుకున్న డెండ్రైటిక్ కణాలు టీ-కణాలను అలర్జీ దారికి మళ్ళిస్తాయి. ఐజీఈ ప్రతిరక్షకాలు తయారై మాస్ట్ కణాలకు అంటుకుంటాయి. మళ్ళీ అదే దుమ్ము తగిలినప్పుడు హిస్టమిన్ వెలువడి నాళాలు బిగుస్తాయి, ఇయోసినోఫిల్ కణాలు చేరి వాపును నిలబెడతాయి.

మైటు నీళ్ళు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. తేమ చాలాకాలం యాభై శాతానికి దిగువన ఉంటే ఎండి చస్తుంది. కనుక సీమ ఎండాకాలం దానికి గడ్డుకాలం. కానీ దాని విసర్జనలోని అలర్జీ కారకాలు నెలల తరబడి చెడకుండా పరుపుల్లోనే ఉంటాయి. వానల తర్వాత మైట్లు మళ్ళీ పెరుగుతాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచినట్లు ఇళ్ళు నానినప్పుడు గోడల బూజు కూడా తోడవుతుంది.

రాతిపొడి దారి వేరు. అందులోని స్ఫటిక సిలికా రేణువును మింగిన మాక్రోఫేజ్ దాన్ని జీర్ణించుకోలేదు. రేణువు కణంలోపలి జీర్ణకోశాన్ని చీల్చి, ఎన్‌ఎల్‌ఆర్‌పీ-3 అనే ప్రోటీన్ల కూటమిని మేల్కొలుపుతుంది. ఐఎల్-1 బీటా అనే వాపు రసాయనం వెలువడుతుంది, క్రమంగా ఊపిరితిత్తి గట్టిపడుతుంది; ఇదే సిలికోసిస్. ఈ యంత్రాంగం 2008లో తేలింది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ ముప్పు కూడా ఎక్కువ. నాపరాయిలో ప్రధానం కాల్షియం కార్బొనేటే అయినా సిలికా కలిసిన పొరలుంటాయి. ముగ్గురాయి పొడి ఎక్స్‌రేలో దట్టమైన మచ్చలుగా భయపెట్టినా, సిలికాలా ఊపిరితిత్తిని గట్టిపరచదు. అందులో క్వార్ట్జ్ (స్ఫటిక సిలికా) కలిస్తే మాట వేరు. పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్విన రాతినార (ఆస్బెస్టాస్) ఇంకో రకం: పొడవాటి పోగును మాక్రోఫేజ్ పూర్తిగా మింగలేక వాపు రసాయనాలు కక్కుతూనే ఉంటుంది.

పత్తి దుమ్ములో బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ ఉంటుంది. సెలవు తర్వాత పనికి వెళ్ళిన తొలిరోజు ఛాతీ పట్టేయడం పత్తి కార్మికుల బిసినోసిస్‌కు గుర్తు. అయితే ఎండోటాక్సిన్ అంతటా శత్రువే కాదు. అమెరికాలోని ఆమిష్, హటరైట్ రైతు కుటుంబాలను పోల్చిన 2016 నాటి అధ్యయనంలో, ఆమిష్ ఇళ్ళ దుమ్ములో అది దాదాపు ఏడు రెట్లు ఎక్కువ; పిల్లల్లో ఉబ్బసం మాత్రం 5.2 శాతమే, హటరైట్లలో 21.3 శాతం. ఆమిష్ పిల్లల్లా పశువుల పాక దగ్గర చిన్ననాటినుంచి అలవడే దుమ్మునూ మిల్లులో పెద్దయ్యాక పీల్చే దుమ్మునూ ఒకే గాటన కట్టకూడదు. రాతిపొడికైతే ఇలాంటి మంచిగుణం ఏదీ లేదు.

పొడి చీపురుతో కసువు ఊడిస్తే సన్నని రేణువులు మళ్ళీ గాలిలోకి లేస్తాయి, తడిబట్టతో తుడవడం మేలు. పరుపు ఎండలో వేస్తే మైట్లు చస్తాయి గానీ అలర్జీ కారకం పోదు. దుప్పట్లు అరవై డిగ్రీల వేడినీటిలో ఉతకాలి. రాయి కోసేటప్పుడు నీళ్ళు పారించడం, పనిబట్టలు ఫ్యాక్టరీలోనే మార్చి స్నానం చేసి రావడం యజమానులు కల్పించాల్సిన సదుపాయాలు. అవి లేనిచోట కార్మికులు పట్టుబట్టి అడగాలి.