తీగకు ముందు గీత

హిందూపురానికి 08556. పెనుకొండకు 08555. ధర్మవరానికి 08559. ఎస్టీడీ బూత్‌ల కాలంలో ఈ అంకెలు నోటికి రానివాళ్లు ఈ ప్రాంతంలో తక్కువ. ప్రపంచం నలుమూలల నుంచి ఫోన్లు వచ్చే పుట్టపర్తికి మాత్రం సొంత కోడు లేదు. అదీ పెనుకొండ 08555 కిందే ఉంది. టెలికాం ఇంజనీర్లు దేశాన్ని చిన్న చిన్న ఛార్జింగ్ ప్రాంతాలుగా విడదీసినప్పుడు చాలాచోట్ల తాలూకా హద్దులనే తీసుకున్నారు. పుట్టపర్తి పెనుకొండ తాలూకాలోని ఊరు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి పుట్టపర్తే జిల్లా కేంద్రమైంది. కోడు మాత్రం మారలేదు. రెవెన్యూ రికార్డుల్లోంచి పోయిన పాత తాలూకా, టెలిఫోను అంకెల్లో ఇంకా బతికే ఉంది.

ఎవరో ఇంజనీర్లు ఒక గది గోడకు మ్యాపు తగిలించుకుని గీసిన గీతలు అవి. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. ఎక్స్‌ఛేంజీని ప్రారంభించిన మంత్రి పేరు రాయి మీద చెక్కుతారు, ఆ ఎక్స్‌ఛేంజీ ఎక్కడ ఉండాలో తేల్చినవాడి పేరు ఫైలుతో పాటే అటకెక్కుతుంది.

ఫోను మోగాలంటే తీగ కావాలి, టవర్ కావాలి అని అందరికీ తెలుసు. తీగ ఏ దారి వెంట పోవాలి, టవర్ ఏ మిట్ట మీద నిలవాలి, ఇరవై ఏళ్లకు ఊరు ఎటు పెరుగుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఒకచోట తెగితే మాట ఏ దారిన తిరిగి పోవాలి అన్నవి ముందే కాగితం మీద తేల్చే పని వేరే ఉంది. ధర్మవరంలో పట్టుచీర అంచును ముందు గళ్ల కాగితం మీద గీసి, దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి, ఆ తర్వాతే జకార్డుకు ఎక్కిస్తారు. టెలికాం డిజైనర్ పనీ అదే. అతని గళ్ల కాగితం జిల్లా అంత ఉంటుంది.

ఈ పనిని ప్రత్యేక వృత్తిగా, ప్రత్యేక సంస్థలుగా నిలబెట్టుకున్న దేశం చైనా. 1949 నవంబరులో అక్కడ తపాలా, టెలికాం మంత్రిత్వ శాఖ ఏర్పడింది. కట్టేవాళ్లు వేరు, డిజైన్ చేసేవాళ్లు వేరు అన్నది అప్పటి సోవియట్ పద్ధతి. చైనా దాన్నే అనుసరించింది. ఆ శాఖ కింద 1952లో మొదలైన డిజైన్ సంస్థల వారసత్వం ఇవాళ చైనా మొబైల్, చైనా యూనికాం రెండింటికీ దక్కింది. ప్రావిన్సులూ తమ తమ డిజైన్ సంస్థలు పెట్టుకున్నాయి. వీటిలో పనిచేసిన సర్వేయర్లు, డ్రాఫ్ట్స్‌మన్లు, ఇంజనీర్లు దశాబ్దాల పాటు ఒకే పని చేశారు. ఒకరి చేతి నేర్పు మరొకరికి అందింది. నా దృష్టిలో చైనా టెలికాం కథలో అసలు పెట్టుబడి ఇదే.

1978లో చైనాలో నూటికి ఒక్క ఫోను కూడా లేదు. టెలిఫోను సాంద్రత 0.38 శాతమే. 1982లో ఫుఝౌ నగరంలో జపాన్ నుంచి తెప్పించిన డిజిటల్ ఎక్స్‌ఛేంజీ పెట్టారు. 1990లలో దేశం పొడవునా ఎనిమిది, అడ్డంగా ఎనిమిది ఫైబర్ రాజమార్గాల ప్రణాళిక అమలైంది. లాన్‌ఝౌ నుంచి షీనింగ్ మీదుగా లాసా దాకా 2,700 కిలోమీటర్లకు పైగా సాగే దారి 1998లో పూర్తయింది. గాలి పలచగా ఉండి, నేల చాలాచోట్ల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే పీఠభూమి అది. అక్కడ తవ్వకాల్లో సైనికులు దిగిన సంగతి వార్తల్లో వచ్చింది. ఎక్కడ తవ్వాలో ముందు నడిచి చూసి గీసినవాళ్ల సంగతి పెద్దగా రాలేదు.

చైనా డిజైన్ సంస్థల పని మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదట సాధ్యాసాధ్యాల నివేదిక. ఆమోదం దొరికితే ప్రాథమిక డిజైన్, దాంతో పాటు ఖర్చు అంచనా. ఆ తర్వాత కూలీ చేతికి ఇవ్వగలిగినంత వివరంగా నిర్మాణ డ్రాయింగులు. మీటరు కందకానికి ఎంత కూలీ, కిలోమీటరు కేబులుకు ఎంత సామాను అన్న ప్రమాణాలను ప్రభుత్వమే అచ్చువేసి ఇస్తుంది. సంస్థలకు అర్హతను బట్టి తరగతులు ఉంటాయి. పెద్ద ప్రాజెక్టు గీయాలంటే మొదటి తరగతి అర్హత కావాలి.

టెలికాం సంస్కరణల తర్వాత ఈ సంస్థలు మంత్రిత్వ శాఖ నుంచి విడిపోయి ఆపరేటర్ల చేతికి వెళ్లాయి. చైనా టెలికాం తన ప్రావిన్సుల డిజైన్, నిర్మాణ సంస్థలను ఒక గొడుగు కిందికి తెచ్చి, చైనా కమ్యూనికేషన్స్ సర్వీసెస్ పేరుతో 2006 డిసెంబరులో హాంకాంగ్ షేర్ మార్కెట్లో పెట్టింది. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. డిజైనర్ ఆపరేటర్ ఇంటివాడైతే, పక్క కంపెనీ టవర్ ఉండగా మనకు మరొకటి ఎందుకు అని అడగడం అతనికి కష్టం. ఒక్కో కంపెనీ తన గీత తాను గీసుకోవడంతో టవర్ పక్కన టవర్ లేచింది. చివరికి 2014 జులైలో మూడు కంపెనీల టవర్ పనినీ ఒకేచోట చేర్చడానికి చైనా టవర్ అనే సంస్థ పెట్టాల్సి వచ్చింది. మన దేశంలో ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా కలిసి ఇండస్ టవర్స్ పెట్టుకున్నది అంతకు ఏడేళ్ల ముందు, 2007లో. టవర్లు పంచుకోవడంలో మనమే ముందున్నాం. ఇది మనవాళ్లు గర్వంగా చెప్పుకోదగిన మాట.

మన దగ్గర తొలి డిజైనర్ ఒక డాక్టరు. కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన విలియం ఓషానెసీ 1839లోనే తీగ మీద సంకేతాలు పంపి చూశాడు. 1855 ఫిబ్రవరిలో టెలిగ్రాఫు జనానికి అందేనాటికి ఆగ్రా, బొంబాయి, మద్రాసు దాకా తీగలు వేయించాడు. మద్రాసు, బొంబాయి మధ్య తీగ బెంగళూరు, బళ్ళారి మీదుగా సాగింది. అంటే ఈ దేశపు తొలి గీతల్లో ఒకటి మన ప్రాంతానికి చేరువగానే వెళ్లింది. వాననీ ఎండనీ నదుల వెడల్పునీ తట్టుకునే పద్ధతుల్ని ఆయన ఇక్కడి నేల మీదే నేర్చుకున్నాడు.

స్వాతంత్ర్యం తర్వాత డిజైన్ పనంతా ప్రభుత్వ టెలికాం శాఖ లోపలే ఉండిపోయింది. బెంగళూరు దూరవాణి నగర్‌లో 1948లో మొదలైన ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) టెలిఫోను యంత్రాలు చేసింది. 1956లో టెలికాం పరిశోధన కేంద్రం వచ్చింది. 1978లో టీసీఐఎల్ పెట్టారు. పశ్చిమాసియాలో, ఆఫ్రికాలో టెలిఫోను వ్యవస్థలకు డిజైన్ చేసి ఇచ్చే ప్రభుత్వ సంస్థ అది. చైనా సంస్థలకు మన దగ్గర సరిసాటి ఎవరంటే ముందు దాని పేరే చెప్పాలి. మన ఇంజనీర్లు పరాయి ఎడారుల్లో గీసిన గీతలకు అక్కడ గౌరవం దక్కింది.

1984లో వచ్చిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ కథ వేరు. శాం పిట్రోడా ప్రోద్బలంతో, 36 నెలల గడువు, 36 కోట్ల బడ్జెట్ పెట్టుకుని మొదలైంది. ఏసీ గది లేకుండా, దుమ్ములో, ఎండలో, వచ్చీపోయే కరెంటుతో పనిచేసే పల్లె ఎక్స్‌ఛేంజీని తయారుచేసింది. 128 పోర్టుల ఆ చిన్న పెట్టె మొదట 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మోగింది. వేసవి ఎలా ఉంటుందో ఉమ్మడి అనంతపురం జిల్లావాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. విదేశీ యంత్రానికి చల్లటి గది కట్టించే స్తోమత ఏ మేజర్ పంచాయతీకి ఉంది? ఇక్కడి వాతావరణాన్ని డిజైనులోకి తీసుకున్నందుకే పల్లెల్లో డయల్ టోన్ వినిపించింది.

1994 జాతీయ టెలికాం విధానం తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. డిజైన్ పని ముక్కలైంది. రేడియో ప్లానింగులో పెద్ద భాగం పరికరాలు అమ్మే కంపెనీ చేస్తుంది, సర్వే సబ్‌కాంట్రాక్టరు చేస్తాడు, కేబుల్ దారి ఇంకొకరు చూస్తారు. మొత్తం చిత్రం ఎవరి బల్ల మీదా ఉండదు. చైనాతో పోల్చితే మనం కోల్పోయింది ఇదేనని నేననుకుంటాను.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉన్న నేల డిజైనర్‌కు మంచి పరీక్ష. మొదటి చిక్కు సరిహద్దు. హిందూపురానికి మూడు పక్కలా కర్ణాటక ఉంది. గౌరీబిదనూరు కూతవేటు దూరం, బెంగళూరు సుమారు వంద కిలోమీటర్లు, హైదరాబాదు నాలుగింతలకు పైనే. వ్యాపారం, వైద్యం, చదువు, ఉద్యోగం అన్నీ బెంగళూరు వైపే. టెలికాం సర్కిళ్లు మాత్రం రాష్ట్రాల హద్దుల ప్రకారం గీశారు. రోమింగ్ ఛార్జీలు ఉన్న రోజుల్లో బెల్లం మార్కెట్ వ్యాపారి బండి సరిహద్దు దాటితే చాలు, ఫోను పరాయిదైపోయేది. నేల మీద లేని గోడ బిల్లు మీద కనపడేది.

రెండోది కొండలు, బండలు. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని పెనుకొండకు మార్చింది ఈ కొండ అండ చూసుకునే. శత్రువును ఆపే కొండ రేడియో తరంగాన్నీ ఆపుతుంది. కొండ ఒక వైపు టవర్ నిలిపితే మరో వైపు ఊళ్లకు నీడ పడుతుంది. 900 మెగాహెర్ట్జ్ తరంగం కొంత వంగి చేరుతుంది, 1800 అంతకంటే తక్కువ వంగుతుంది. అందుకే మ్యాపు మీద దగ్గరగా కనిపించే రెండు ఊళ్లకు రెండు టవర్లు కావాల్సి వస్తుంది. ఇక కేబుల్ సంగతి. ఆప్టికల్ ఫైబర్‌ను 1.65 మీటర్ల లోతున వేయాలని టెలికాం శాఖ ప్రమాణం. నల్లరేగడిలో అది ఒక పూట పని. ఇక్కడ అడుగు తవ్వితే రాయి తగిలే చోట్లు ఎన్నో. లోతు తగ్గించి, పైన ఇనుప గొట్టమో కాంక్రీటో వేసి కాపాడాలా, దారే మార్చాలా అన్నది సర్వే చేసినవాడే చెప్పాలి. ఆఫీసులో కూర్చుని ఉపగ్రహ చిత్రం చూసేవాడికి మట్టి కింది బండ కనపడదు.

మూడోది నాకు చాలా ఇష్టమైన చిక్కు. గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలు మార్గం ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా పోతుంది. 44వ నంబరు జాతీయ రహదారి అనంతపురం నుంచి వచ్చి పెనుకొండను తాకి, ధర్మవరాన్నీ హిందూపురాన్నీ పక్కన వదిలేసి చిక్కబళ్లాపురం వైపు సాగిపోతుంది. 2000 సెప్టెంబరులో ఏర్పడిన రైల్‌టెల్ పని పట్టాల వెంట ఫైబర్ వేయడం. రోడ్డు వెంట వేసేవాళ్లు వేరే. పట్టాల వెంట ఒకటి, రోడ్డు వెంట ఒకటి అనగానే రెండు దారులున్నాయి కదా, ఒకటి తెగితే రెండోది ఆదుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. మ్యాపును నిదానంగా చూస్తే రోడ్డూ రైలూ పెనుకొండ దగ్గర పక్కపక్కకు వస్తాయి. రెండు కేబుళ్లు అక్కడ ఒకే కల్వర్టు పక్కన పోయాయంటే, ఒక్క జేసీబీ తొండానికి రెండూ తెగుతాయి. పేరుకు రెండు దారులు, పనికి ఒకటే. మంచి డిజైనర్ ముందు వెతికేది ఇలాంటి చోటునే.

అదే పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరి, 2019లో ఉత్పత్తి మొదలైంది. పాలసముద్రంలో కస్టమ్స్ అకాడమీని 2024 జనవరిలో ప్రారంభించారు. పదేళ్ల కిందట ఈ దారికి ఎన్ని ఫైబర్లు చాలునని లెక్క వేసినవాడు వేరుశనగ చేలను చూసి వేసి ఉంటాడు. అందులో అతని తప్పేమీ లేదు. కందకం ఒక్కసారే తవ్వుతాం కాబట్టి గొట్టాలు ఒకటి రెండు ఎక్కువ వేసి పెట్టడం మాత్రం ఏ కాలంలోనైనా తెలివైన పని.

తవ్వకం గొడవే లేకుండా ఆంధ్రప్రదేశ్ ఒక దారి వెతికింది. 2015లో ఏర్పడిన ఫైబర్‌నెట్ సంస్థ కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగింది. మొదటి దశలో సుమారు 23,800 కిలోమీటర్లు, 2,445 సబ్‌స్టేషన్లు, 333 కోట్ల రూపాయలు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. ఆ కేబుల్లో లోహం ఉండదు, తన బరువును తానే మోసుకుంటుంది, అందువల్ల కరెంటు తీగల పక్కన వేలాడగలుగుతుంది. ఈ ఆలోచనలో నాకు నచ్చింది ఒకటుంది. విద్యుత్ బోర్డు ఇంజనీర్లు దశాబ్దాల కిందట ప్రతి పల్లెకూ తిరిగి గీసిన దారే ఇంటర్నెట్‌కూ దారి అయింది. అయితే ఆ దారికున్న బలహీనతలూ వెంట వచ్చాయి. స్తంభం ఒరిగితే కరెంటూ పోతుంది, నెట్టూ పోతుంది. పల్లె దాకా ఒంటి దారిగా పోయిన లైనుకు తెగినచోటి నుంచి అవతల దిక్కు ఉండదు.

భూమిలో ఉన్నది క్షేమమా అంటే అదీ కాదు. దేశంలో ఏటా సుమారు 10 లక్షల సార్లు ఫైబర్ తెగుతోందని, నష్టం 3,000 కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. తవ్వే ముందు అడగండి అంటూ 2023 మార్చి 22న ఒక యాప్ తెచ్చింది. అడిగితే జవాబు చెప్పాలంటే కేబుల్ అసలు ఎక్కడుందో తెలియాలి. గీసినట్టే వేశారా, బండ అడ్డమొచ్చి రెండు గజాలు పక్కకు జరిగారా అన్నది పని పూర్తయిన రోజున మళ్లీ గీసి పెట్టకపోతే యాప్ కూడా ఏమీ చెప్పలేదు.

2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 1,39,579 కోట్ల రూపాయలతో పంచాయతీలకు ఇంటర్నెట్ చేర్చే భారత్‌నెట్ పథకాన్ని సవరించి ఆమోదించింది. పంచాయతీలను ఒంటి తీగకు వేలాడదీయకుండా వలయాలుగా కలపాలన్నది అందులో ముఖ్యమైన మార్పు. డిజైన్ చేసినవాడే కట్టాలి, కట్టినవాడే నడపాలి, పదేళ్లు నిర్వహణ చూడాలి అని ఒప్పందాల్లో పెట్టారు. డిజైన్ అన్న మాట మళ్లీ ఒప్పందం మొదటి పేజీకి వచ్చినందుకు సంతోషం. వలయం గీయడానికి మా ప్రాంతానికి వచ్చే సర్వే బృందాన్ని కోరేది రెండు పనులు. పెనుకొండ దగ్గర వలయపు రెండు చేతుల్నీ వేర్వేరు దారుల్లో తీసుకెళ్లాలి. అసలు వేసిన దారిని చూపే డ్రాయింగు నకలు ఒకటి ప్రతి పంచాయతీ ఆఫీసులోనూ ఉంచాలి. నీళ్ల పైపు కోసం రేపు తవ్వబోయే కాంట్రాక్టరు ముందు అడుగుపెట్టేది ఆ ఆఫీసులోకే.