ఊరు విడిచిన ప్రజలు

ప్రజల తిరుగుబాటు అనగనే మన మనస్సునకు కత్తియు, కాగడాయు, కూలిన కోటగోడయు తోచును. 1789లో పారిసు ప్రజలు బాస్టిలు కోటను పట్టుకొన్న వృత్తాంతమును మేము పెక్కు తరగతులకు ఉత్సాహముతో బోధించితిమి. కాని చరిత్రలో మఱియొక విధమగు తిరుగుబాటు కలదు. అది కొట్టదు, కాల్చదు. మూట గట్టుకొని వెడలిపోవును.

రోము చరిత్రకారుడగు లివీ క్రీ. పూ. 494 నాటి కథ నొకటి చెప్పెను. అప్పు తీర్చలేని సామాన్యుడు ఋణదాతకు దాసుడగుట అచటి న్యాయము. యుద్ధము వచ్చినపుడు ఈటె పట్టవలసినవాడు నాతడే. ముగిసినపుడు సంకెల తగులువాడు నాతడే. దీనికి విసిగి ప్లెబియనులనబడు సామాన్యజనులు నగరమును విడిచి యొక కొండమీదికి పోయి కూర్చుండిరి. కులీనులు పంపిన రాయబారి, కడుపుపై నలిగిన అవయవముల కథ చెప్పి వారిని సమాధానపఱచెనట. కథకు మెచ్చిరో లేదో కాని, తమ పక్షమున అడ్డుచెప్పు నధికారముగల ట్రిబ్యూనులను సంపాదించినగాని వారు మరలలేదు.

ఇట్టిది మన తెలుగునాటను జరిగినది. 1919లో మద్రాసు ప్రభుత్వము చీరాల పేరాలలను గలిపి పురపాలక సంఘముగా మార్చెను. సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 రూపాయలకు పెరిగెను. అచటివారిలో నేతపని వారు పెక్కురు. పన్ను పదిరెట్లయినంత మాత్రమున మగ్గము పదిరెట్లు నేయదు గదా! విన్నపములు వ్యర్థమయ్యెను. పన్ను నిరాకరించి చెఱసాలకు బోయినవారిలో ఒక వృద్ధురాలును ఉండెను. ఎడింబరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకులై రామదండను సేవాదళమును గూర్చిరి. 1921 ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, పన్ను నిరాకరించి శాంతముతో కష్టముల కోర్చుట, పురపాలక సంఘపు హద్దు దాటిపోవుట యను రెండు త్రోవలు చూపెను. జనులు రెండవదాని నేరుకొనిరి.

సుమారు 15,000 మందిలో 13,000 మందికి పైగా ఇండ్లు విడిచి, హద్దున కావల పాకలు వేసికొని, ఆ చోటికి రామనగరమని పేరిడిరి. పదునొకండు నెలలు అచ్చట నుండిరి. చదువరులు ఈ వాక్యముకడ నొకింత నిలువవలెను. ఎండయు, వానయు, చలియు ఆ పాకలమీదుగా గడచినవి. సభలో చేయెత్తుట ఒక దినపు పని. ఆ తీర్మానమును తడిసిన పొయ్యికడ ప్రతిదినమును మోసినవారు స్త్రీలు గాక మఱెవ్వరు?

గోపాలకృష్ణయ్యగారు 1921లోనే బరంపురమున నిషేధాజ్ఞను ధిక్కరించి ప్రసంగించి యొక సంవత్సరము శిక్ష పొందిరి. నాయకుడు లేని ప్రజలు 1922లో తమ యిండ్లకు మరలవలసి వచ్చెను.

రోమువారు గెలువగా చీరాలవారేల గెలువలేదు? రోమున కులీనులకు సైనికులు కావలసి యుండిరి. కొండమీది జనము దిగిరాకున్న నగరమునకు రక్షణ లేదు. చీరాలవారు పాకలలో నున్నందున మద్రాసు దొరతనమునకు కలిగిన లోటు స్వల్పము, అది వేచియుండగలదు. విడిచిపోవుటలోని బలము, విడువబడినవానికి మనతో గల యవసరమెంతయో అంతయే.

అట్లైన వారు ఓడినట్లేనా? పన్ను లెక్కలో ఓడిరి. కాని ఇల్లు పోవునను భయమే పాలకుని చేతికఱ్ఱ. వేలకొలది సామాన్యులు ఆ కఱ్ఱను పదునొకండు నెలలు లెక్కసేయక నిలిచిరి. దీనిని ఓటమి యని మాత్రమే విద్యార్థులకు చెప్పుటకు మాకు మనసొప్పదు.

అయినను సంస్కారాభిమానులమగు మనము నేర్వవలసిన దొకటి కలదు. దురాచారమును విడువుడు, కులపువారి నెదిరింపుడు అని వేదికమీదనుండి చెప్పుట సులభము. చెప్పుటకు ముందు, విడిచివచ్చినవారికి ఎన్ని దినములకు బియ్యము కలదో, తొలివానకు తడియువారెవరో అడిగితిమా? వారితోగూడ పాకలో నుండుటకు మనము సిద్ధముగా నున్నామా?