ఎముక పునరుత్పత్తి పొరలు: జీవానుకూలత పరీక్షల చారిత్రక పరిణామం

కీలక పదాలు: ఎముక పునరుత్పత్తి, పొర, జీవానుకూలత, కొల్లాజెన్, నియంత్రిత పరీక్ష.

ఉపోద్ఘాతం

దవడ ఎముకలో లోపం ఏర్పడినప్పుడు చిగురు కణాలు అక్కడికి వేగంగా చేరుతాయి. ఎముకను నిర్మించే కణాలు నిదానంగా వస్తాయి. ముందు చేరినవే ఆ చోటును ఆక్రమిస్తాయి. ఈ పోటీలో ఎముకకు వ్యవధి కల్పించేందుకు రెండింటి మధ్య ఉంచే అడ్డు తెరే పొర. దానికి తగిన పదార్థాన్ని నిర్ణయించిన పరీక్షల క్రమాన్ని పరిశీలిస్తూ, ‘జీవానుకూలత’ అనే భావన ఎలా విస్తరించిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. అడ్డు తెర భావన – నిర్ధారణ

పంటి వేరును ముందుగా ఏ కణాలు ఆక్రమిస్తాయో, గాయం మానే తీరు వాటిపైనే ఆధారపడుతుందని 1976లో మెల్చర్ ప్రతిపాదించాడు. 1982లో నైమన్, ఆయన సహపరిశోధకులు ఒక రోగి పంటి వద్ద మిల్లీపోర్ వడపోత పొరను ఉంచి, మూడు నెలల తర్వాత వేరుపై కొత్త బంధనం ఏర్పడినట్లు చూపారు. ఆ ఒక్క పంటి ఫలితం భావన సాధ్యమని తెలిపిందే తప్ప దాన్ని నిర్ధారించలేదు.

నిర్ధారణకు పోలిక అవసరం. 1988లో డాలిన్, లిండే, గాట్లో, నైమన్ ఎలుకల దవడకు రెండువైపులా 5 మి.మీ. రంధ్రాలు చేసి, ఒకవైపు మాత్రమే టెఫ్లాన్ పొర కప్పారు. పొర ఉన్నవైపు ఆరు వారాలకు ఎముక దాదాపుగా నిండింది. రెండోవైపు ప్రధానంగా బంధన కణజాలమే మిగిలింది. అంతకు రెండేళ్ల ముందే ష్మిట్జ్, హాలింగర్ తనంతట తాను మానలేని లోపపు పరిమాణాన్ని నిర్వచించారు. ఈ ప్రమాణం లేకపోతే సహజంగా మానే గాయం ఘనత కూడా పొరకే దక్కుతుంది.

2. నిరపాయం నుంచి ప్రతిస్పందనకు

టెఫ్లాన్ కణాలకు హాని చేయదు, శరీరంలో కరగదు. ఆ కరగకపోవడమే ఇబ్బంది అయింది. దాన్ని తీయడానికి రెండో శస్త్రచికిత్స కావాలి. చిగురు తెరుచుకుని పొర బయటపడితే సూక్ష్మజీవులు చేరి కొత్త ఎముక నష్టపోతుంది. ప్రయోగశాలలో నిరపాయకరమైనది నోటిలో విఫలం కావచ్చునన్నమాట. నిర్దిష్ట వినియోగంలో తగిన దేహప్రతిస్పందనతో పనిచేసే సామర్థ్యమే జీవానుకూలత అని 1986 నాటి చెస్టర్ సమావేశం చేసిన నిర్వచనం ఇక్కడే సార్థకమవుతుంది.

3. కరిగే పొరలు – కొత్త ప్రశ్నలు

కొల్లాజెన్ పొరలకు రెండో శస్త్రచికిత్స అక్కరలేదు. అయితే తడిసినప్పుడు మెత్తబడి కుంగుతాయి. కొన్ని ఎముక ఏర్పడకముందే కరిగిపోతాయి. ఆయుష్షు పెంచేందుకు గ్లూటరాల్డిహైడ్‌తో బిగిస్తే, మిగిలిన రసాయనం కణాలకు హాని చేయవచ్చు. పాలీలాక్టిక్ ఆమ్లపు పొరలు కరిగేటప్పుడు ఆమ్లాలు వెలువడి వాపు కలగవచ్చు. అందువల్ల పదార్థంతోపాటు దాని శేషాలనూ పరీక్షించవలసి వచ్చింది. ఐఎస్ఓ 10993 ప్రమాణంలో ఐదో భాగం కణాలపై విషప్రభావాన్ని, ఆరో భాగం శరీరంలో అమర్చాక కలిగే స్థానిక ప్రభావాలను పరీక్షిస్తాయి. కణాల జీవశక్తి 30 శాతానికి మించి తగ్గితే విషప్రభావంగా పరిగణిస్తారు.

ముగింపు

‘అడ్డుకుంటుందా?’ అనే ప్రశ్న ‘హాని చేస్తుందా?’గా, ఆపై ‘ఎంతకాలం నిలుస్తుంది, ఏమి మిగులుస్తుంది?’గా పరిణమించింది. కణపరీక్షలో నెగ్గడం తొలిమెట్టు మాత్రమే. ఏ చోట, ఎంతకాలం, దేనితో పోల్చి పరీక్షించారో చెప్పకుండా ఒక పదార్థాన్ని జీవానుకూలమనడం అసంపూర్ణ నిర్ణయం. దాని మూల్యం చెల్లించేది రోగి దవడ.