కోడెకు పండ్లు, పిల్లికి నెలలు

మన భాషలో మగపశువుకున్న పేర్లను వరుసగా పేర్చితే సేద్యపు చరిత్ర కళ్లకు కడుతుంది. దూడ, కోడె, గిత్త, ఆంబోతు, ఎద్దు. వీటిలో ఆంబోతుకూ సేద్యపు ఎద్దుకూ గల భేదం వయసుది కాదు, బీజాలది. బీజాలు కొట్టించి కాడికి కట్టినది ఎద్దు; కొట్టించక విడిచినది ఆంబోతు. ఇక పిల్లి సంగతి చూడండి. గండుపిల్లి, పెంటిపిల్లి అన్న మాటలున్నాయి గాని, సంతానం కలుగకుండా చేయించిన పిల్లికి పేరు లేదు. ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు అని పేర్లు చెప్పిన అమరకోశంలోనూ అటువంటి మాట కానరాదు. పేరు పుట్టలేదంటే ఆ పని మన ఇళ్లలో అలవాటుగా లేదన్నమాట. ఎందుకు లేదో తెలిస్తే, ఇప్పుడు పిల్లిని పెంచే ప్రతి ఇంట్లోనూ తలెత్తే ప్రశ్నకు జవాబు సులభమవుతుంది. పిల్లికి ఆ శస్త్రచికిత్స ఏ వయసులో చేయించాలి?

పశువుల విషయంలో ఈ విద్య అతి ప్రాచీనం. బీజాలు తీసిన పశువును చెప్పే 'వధ్రి' అనే మాట ఋగ్వేదంలోనే ఉంది. మా కర్నూలు, కడప సీమల నల్లరేగడి నేలల్లో గుంటక లాగాలంటే మెడబలం కావాలి. అందుకే రైతు నెలలు లెక్కపెట్టడు, నోరు తెరిచి పండ్లు చూస్తాడు. పాలపండ్లు రాలి మొదటి జత పండ్లు వేసేసరికి కోడెకు సుమారు రెండేళ్లు. ఆ తరువాత నాలుగు, ఆరు. బండలాగుడు పందేలలో నేటికీ ఎడ్లను ఈ పండ్ల లెక్కనే విభజిస్తారు. మరీ లేతప్రాయంలో కొట్టిస్తే మెడ, మూపురం బలియవు. మరీ ముదిరాక కొట్టిస్తే పొగరు అణగదు. కాబట్టి ఎదిగే వరకు ఆగడమన్నది అనుభవం నేర్పిన నియమం.

పూర్వం రాతితోనో కర్రతోనో నలగగొట్టేవారు. ఆ బాధ చెప్పనలవి కాదు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో బుర్డిజో అనే ఇటలీ పశువైద్యుడు రూపొందించిన పట్టకారు వచ్చాక, నెత్తురు చిందకుండా నాళాలను నొక్కివేయడం సాధ్యమైంది. 1940లో మద్రాసు ప్రభుత్వం పశుసంపద అభివృద్ధి చట్టం చేసి, లైసెన్సు లేని కోడెలకు కొట్టించే ఏర్పాటు కల్పించింది. జంతుహింసను నిషేధించిన 1960 చట్టం సైతం, నిర్ణీత పద్ధతిలో జరిగే ఈ పనిని హింసగా ఎంచలేదు. మత్తు ఇచ్చి పశువైద్యుడే చేయాలన్న నిబంధన 2023లో వచ్చింది.

పిల్లికి ఈ చరిత్ర ఏదీ లేదు. జొన్న పాతరలున్న ఇంట ఎలుకలను పట్టడమే దాని ఉద్యోగం. పిల్లలు పెడితే మంచిదే అనుకునేవారు. కుక్కల వాతా రోగాల వాతా పడగా మిగిలేవి ఒకటో రెండో. అదీగాక పెంటిపిల్లికి ఈ చికిత్స చేయాలంటే కడుపు కోయాలి. మత్తుమందు లేనిదే అది కుదరదు. ఈథరు మత్తుతో శస్త్రచికిత్స లోకానికి తెలిసిందే 1846లో. మద్రాసులో పశువైద్య కళాశాల 1903లో వెలసింది. ఆంధ్ర పశువైద్య కళాశాల 1955లో బాపట్లలో మొదలై తరువాత తిరుపతికి చేరింది. కడప జిల్లా ప్రొద్దుటూరుకు ఆ చదువు 2008లో వచ్చింది. ఈ చదువులో పెద్దపీట పాడికీ సేద్యానికీ దక్కింది.

పిల్లికంటే ముందు వంతు వీధికుక్కలది. వాటిని చంపడం మాని, శస్త్రచికిత్స చేసి తిరిగి విడవాలని మద్రాసులోని బ్లూక్రాస్ సంస్థ 1964 నుంచి వాదించింది. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో మరో బ్లూక్రాస్‌ను స్థాపించారు. 2001లో కేంద్రం 'జంతు జనన నియంత్రణ (కుక్కలు) నిబంధనలు' తెచ్చింది. 2023లో వాటి స్థానంలో వచ్చిన నిబంధనల పేరులో కుండలీకరణాల్లోని 'కుక్కలు' అన్న మాట లేదు. ఇక్కడొక విచిత్రం గమనించండి. దేవుని పేర ముద్రవేసి విడిచిన ఆంబోతుకు ఆ అచ్చు 'దీనిని కొట్టించలేదు' అనడానికి గుర్తు. చెవికొన కత్తిరించి విడిచిన కుక్కకు ఆ కత్తిరింపు 'దీనికి అయిపోయింది' అనడానికి గుర్తు. మన పత్రికలు ఈ పనికి మనుషుల కుటుంబ నియంత్రణ నుంచి 'కు.ని.' అనే పొట్టి అక్షరాలను అరువు తెచ్చుకున్నాయి.

మాట అరువు తెచ్చుకుంటే చిక్కు లేదు. నియమాన్ని అరువు తెచ్చుకోవడమే చిక్కు. "ఎదగనీ, ఒక ఈత ఈననీ, ఆ తరువాత చూద్దాం" అని పిల్లి విషయంలోనూ అంటారు. అది పశువుల కొట్టం నుంచి ఇంట్లోకి వచ్చిన మాట. కాడి మోయని పిల్లికి మెడబలంతో పనేమి? పెంటిపిల్లి నాలుగో నెలలోనే ఎదకు రావచ్చు. చూలు తొమ్మిది వారాలు. పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ ఎదకు వచ్చే తల్లులున్నాయి. చలిదేశాల్లో పగలు కుదించుకుపోయే శీతకాలంలో పిల్లి ఎద ఆగుతుంది. మన అక్షాంశాల్లో పగటి నిడివిలో అంత మార్పు ఉండదు గనుక ఏడాది పొడుగునా ఈనగలదు. "ఒక ఈత" అని ఆగిన ఇంట రెండో ఈత కూడా వచ్చి, చివరకు కళ్లు తెరవని కూనలను సంచిలో వేసి చెరువుకట్టన విడిచిరావడం ఎన్ని ఊళ్లలో జరగడం లేదు! ఆ పాపానికి మూలం కాఠిన్యం కాదు, కాలం తప్పడం.

ఒక ఈత తల్లికి మేలన్నదీ నిజం కాదు. 2005లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన ప్రకారం, ఆరు నెలల లోపు శస్త్రచికిత్స అయిన పిల్లులకు రొమ్ము కేన్సరు ముప్పు 91 శాతం తగ్గింది; ఏడాది లోపు అయితే 86 శాతం; రెండేళ్లు దాటాక ఆ ప్రయోజనం కనబడలేదు. ఎదను ఆపే హార్మోను సూదులు ఆ కేన్సరునూ గర్భసంచిలో చీమునూ తెచ్చిపెట్టవచ్చు. 2016లో అమెరికా పశువైద్య నిపుణుల బృందమొకటి అయిదు నెలలు నిండేలోపు చేయించమని సూచించింది. గండుపిల్లికీ అదే వయసు. గోడల మీద మూత్రం చిమ్మడం, రాత్రి పోట్లాటలు అలవాటు కాకమునుపే చేయించడం మేలు. ఆ గడువు దాటిన పిల్లికైనా చేయించడం వృథా కాదు, కూనల బెడద తప్పుతుంది.

పండ్లు చూసే మన రైతు విద్య ఇక్కడా అక్కరకు వస్తుంది. పిల్లికూనకు మూడున్నర నెలల నుంచి పాలపండ్లు రాలుతాయి, సుమారు అయిదో నెలకు కొత్త కోరలు మొలుస్తాయి. పుట్టిననాడు తెలియని కూన మీ ఇంటికి చేరితే నోరు తెరిచి చూడండి. ముందరి పాలపండ్లు రాలుతుంటే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లే వేళ అయిందన్నమాట. కొత్త కోరలు పూర్తిగా దిగేదాకా ఆగకండి.

కోడె ఎద్దు కావడానికి మన పెద్దలు ఒక కాలం నిర్ణయించారు, ఒక పేరూ పెట్టారు. పిల్లికి కాలం ఇప్పుడు తెలిసింది. పేరే మిగిలింది. మీ ప్రాంతంలో అటువంటి పిల్లిని ఏమంటారో తెలిసిన చదువరులు తెలుపగలరు.